చెన్నై ఉప్పుటేళ్లలో పండుగప్పను గాలంతో పట్టడం ఎలా

చెన్నై చేపల మార్కెట్లో ‘కొడువా’ అని అడిగితే తీసి ఇచ్చేది మన పండుగప్పనే. బెంగాలీలు భెట్కి అంటారు, ఆస్ట్రేలియా వాళ్లు బారముండి అంటారు. ఇంగ్లీషులో దీనికి ఇంకో పేరు ఏషియన్ సీ బాస్. ఆ ‘బాస్’ అన్న మాట పట్టుకుని నేను మొదట్లో దారి తప్పాను. యూట్యూబ్‌లో బాస్ ఫిషింగ్ అని వెతికితే వచ్చేవన్నీ అమెరికా చెరువుల్లో లార్జ్‌మౌత్ బాస్‌ను పట్టే వీడియోలు. అది మంచినీటి చేప, దీనికి దగ్గరి చుట్టం కాదు. వాళ్లు చూపించే రాడ్లు, రీళ్లు, లూర్లు (అంటే నకిలీ ఎరలు) చాలావరకు ఇక్కడా పనికొస్తాయి. కానీ ఆ చెరువుల్లో పోటూ పాటూ, అంటే సముద్రపు నీళ్లు ఎక్కడం, దిగడం ఉండవు. చెన్నై చుట్టుపక్కల ముట్టుకాడులో, కోవళంలో, పళవేర్కాడులో చేప ఎరను ముట్టేదీ ముట్టనిదీ నీటి నడకను బట్టి ఉంటుంది. రెండేళ్ల పాటు నేను లూర్లు మార్చుకుంటూ పోయాను తప్ప నీళ్లను చూడలేదు. మీకు ఆ రెండేళ్లు వృథా కాకూడదని ఇది రాస్తున్నాను.

మొదట చేపను తెలుసుకోండి

పండుగప్ప ఉప్పునీటిలోనూ, మంచినీటిలోనూ బతుకుతుంది. పెద్ద చేపలు గుడ్లు పెట్టడానికి మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గరికి, సముద్రపు ఉప్పు ఉన్న నీళ్లలోకి వస్తాయి. పిల్లలు ఉప్పుటేటి లోపలికి, మడ చెట్ల వేళ్ల మధ్యకి పోయి పెరుగుతాయి. ఈ చేప ముందు మగదిగా ఎదుగుతుంది. కొన్నేళ్లకు అదే చేప ఆడదిగా మారుతుంది. నాలుగైదు కిలోలు దాటినవి ఎక్కువగా ఆడవే. ఈ సంగతి గుర్తుంచుకోండి, చేప చేతికొచ్చాక దీంతో పని పడుతుంది.

ఇది ఎరను దూరం తరిమి పట్టే రకం కాదు, మాటు వేసే రకం. వంతెన స్తంభం వెనకో, మునిగిన కొమ్మ నీడలోనో, లోతు మారే గట్టు అంచునో కదలకుండా నిలబడుతుంది. రొయ్యో, చిన్న చేపో ప్రవాహంలో కొట్టుకొస్తే ఒక్కసారిగా నోరు తెరిచి నీళ్లతో సహా పీల్చేస్తుంది. అలా పైన మేత పట్టినప్పుడు డుబ్బుమని ఒక చప్పుడు వస్తుంది. చీకట్లో ఆ చప్పుడు ఒకసారి విన్నవాళ్లు మళ్లీ మరిచిపోరు.

ఎక్కడ, ఎప్పుడు

కొత్తవాళ్లకు ముట్టుకాడు, కోవళం వైపు నయం. నగరం నుంచి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద సుమారు 35 కిలోమీటర్లు. బోట్‌హౌస్ జెట్టీ దగ్గర గాలం వేయకండి. అక్కడ పడవలు తిరుగుతాయి, పిల్లలు ఉంటారు. ఈసీఆర్ వంతెన మీద నిలబడి అసలే వేయకండి. వెనక్కి విసిరిన లూర్ బైక్ మీద పోయే మనిషి ముఖానికి తగలొచ్చు. కింద ఒడ్డునో, ఊరివాళ్లు వాడే పడవల రేవుకు కొంచెం పక్కగానో చోటు చూసుకోండి. అదీ అక్కడి జాలర్లను అడిగాకే. వాళ్ల వలలు నీళ్లలో ఉంటాయి. మీ మూడుముళ్ల కొక్కెం వలకు తగిలితే చినిగేది వాళ్ల కూడు. ‘అన్నా, ఇంగె పోడలామా?’ (ఇక్కడ వేయొచ్చా?) అని తమిళంలో ఒక్క ముక్క అడిగితే చాలు, ఎక్కడ వల ఉందో, ఎక్కడ రాయి ఉందో వాళ్లే చూపిస్తారు.

పళవేర్కాడు, అంటే మన పులికాట్, నగరానికి ఉత్తరాన ఉంది. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రలోనే ఉంది కాబట్టి తెలుగు మాట్లాడే జాలర్లు తగులుతారు. మాట కలపడం తేలిక. అయితే అక్కడ పక్షుల అభయారణ్యం ఉంది. ఫ్లెమింగోలు దిగే కాలంలో వాటి జోలికి పోకుండా, ఊరి పడవ మనిషి తీసుకెళ్లిన చోటే వేయండి. అడయారు, కూవం మొగల్లో చేప ఉన్నా నేను వేయను, ఆ నీళ్లలో మురుగు ఎక్కువ. ఎన్నూరు ఉప్పుటేట్లో థర్మల్ కేంద్రాల బూడిద పేరుకుంది. 2023 డిసెంబరు తుపాను వరదల్లో అక్కడ చమురు కూడా నీళ్లలో కలిసింది. అక్కడ పట్టింది తినకండి.

కాలం విషయానికొస్తే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. వరద నీరు ఎర్రగా దిగుతున్న రోజుల్లో లూర్ ఎదుటే ఉన్నా చేపకు కనపడదు. కానీ ఆ వరదే ఇసుక మేట వేసిన మొగను తెరుస్తుంది. నీళ్లు తేరుకున్నాక, జనవరి, ఫిబ్రవరి నెలల్లో మొగ తెరిచి ఉండి సముద్రం లోపలికీ బయటికీ ఆడుతుంది. నాకు ఎక్కువ చేపలు తగిలింది ఆ నెలల్లోనే. ఎండాకాలంలో ముట్టుకాడు మొగ ఇసుకతో సన్నబడుతుంది, ఒక్కోసారి పూర్తిగా మూసుకుపోతుంది. అప్పుడు ఏటిలో పోటుపాట్లు బాగా తగ్గిపోతాయి. వెళ్లేముందు మొగ తెరిచి ఉందో లేదో కనుక్కోండి.

సామాను

రాడ్ ఆరున్నర నుంచి ఏడు అడుగులు, మీడియం లేదా మీడియం హెవీ. ఎక్కువ ఖర్చు పెట్టాల్సింది రాడ్ మీద కాదు, రీల్ మీద. ఉప్పునీళ్లు చవక రీల్‌ను తొందరగా తినేస్తాయి. 3000 లేదా 4000 సైజు స్పిన్నింగ్ రీల్ తీసుకోండి. దాంట్లో 20 నుంచి 30 పౌండ్ల అల్లిక దారం, అంటే బ్రైడ్ లైన్, 150 మీటర్లు చాలు. బెయిట్ కాస్టింగ్ రీల్ చూడటానికి బాగుంటుంది, గురి కూడా బాగా కుదురుతుంది. కానీ మొదటి ఏడాది దాని జోలికి పోకండి. చీకట్లో చిక్కుముడి విప్పుకుంటూ కూర్చుంటే మంచి పోటు కాస్తా దాటిపోతుంది.

బ్రైడ్ చివర లీడర్, అంటే లూర్ ముందు ఉండే గట్టి దారం ముక్క కట్టాలి. ఇక్కడ పిసినారితనం వద్దు. నాకు తగిలిన మొదటి పెద్ద చేప లీడర్ వల్లే పోయింది. కోవళం వైపు, సంక్రాంతి వెళ్లిన వారం, తెల్లవారుజామున. 12 పౌండ్ల లీడర్ సరిపోతుందని షాపులో చెప్తే నమ్మి కట్టాను. చేప ఒక్కసారి నీళ్లపైకి లేచి తల విదిలించింది, అంతే, లైన్ వదులైపోయింది. చుట్టి చూస్తే లీడర్ చివర బ్లేడుతో కోసినట్టు ఉంది. పండుగప్పకు కోరపళ్లు ఉండవు, నోరు గరుకు కాగితంలా ఉంటుంది. కోసేది దాని మొప్ప మూత. ఆ అంచు కత్తిలా ఉంటుంది. అందుకని 30 పౌండ్లకు తగ్గని ఫ్లోరోకార్బన్ లీడర్ మీటరు పొడవు కట్టండి. స్తంభాలు, ఆల్చిప్పలు ఉన్నచోట 40 పౌండ్లు.

లూర్లు మూడు రకాలు చాలు. ఒకటి, 9 నుంచి 11 సెంటీమీటర్ల మిన్నో, అంటే చిన్న చేప ఆకారంలో ఉండే గట్టి లూర్, నీళ్లలో తేలేదో, మధ్యలో నిలబడేదో. రెండు, నాలుగంగుళాల రబ్బరు చేప, తోక ఆడేది, దానికి 10 నుంచి 14 గ్రాముల జిగ్ హెడ్ (బరువు తల ఉన్న కొక్కెం). మూడు, తెల్లవారుజామున నీళ్ల మీద ఆడించడానికి ఒక పాపర్. రంగుల గురించి ఎంతసేపైనా వాదించుకోవచ్చు. నీళ్లు తేటగా ఉంటే వెండి, రొయ్య రంగు, మసకగా ఉంటే బంగారు రంగు లేదా ముదురు రంగు వాడతాను. కొన్న లూర్ కొక్కేలు సన్నంగా ఉంటే మందమైనవి మార్చండి. ప్రతి కొక్కెం మీదా ఉన్న వెనక ముల్లును ప్లయర్‌తో నొక్కి చదును చేయండి. చేపను వదలడం తేలికవుతుంది, మీ వేలికి గుచ్చుకున్నా తేలిగ్గా బయటికొస్తుంది.

వీటితో పాటు పొడుగు ముక్కు ప్లయర్, నెత్తికి పెట్టుకునే లైట్, పాతదైనా సరే గట్టి అడుగున్న బూట్లు. చెప్పులతో దిగకండి, ఆల్చిప్పలు పాదాన్ని చీలుస్తాయి.

రెండు ముడులు, ఇంట్లో కూర్చుని

బ్రైడ్‌నూ లీడర్‌నూ కలపడానికి ఎఫ్‌జీ ముడి అన్నిటికన్నా మంచిది, సన్నంగా ఉంటుంది. కానీ నేర్చుకోవడానికి వారాలు పడుతుంది. మొదట డబుల్ యూనీ నేర్చుకోండి. రెండు లైన్ల చివరలను ఎదురెదురుగా జానెడు మేర పక్కపక్కన పెట్టండి. బ్రైడ్ చివరను వెనక్కి మడిచి ఒక లూప్ చేయండి. ఆ చివరను లూప్ లోపలి నుంచి రెండు లైన్లనూ కలిపి ఎనిమిది చుట్లు చుట్టి, ఉమ్మితో తడిపి లాగండి. అటువైపు లీడర్‌తో అలాగే నాలుగైదు చుట్లు. తర్వాత అసలు లైన్లను రెండు వైపులా లాగితే రెండు ముడులూ జారి ఒకదానికొకటి ఆనుకుంటాయి. తడపకుండా లాగితే వేడికి దారం నలిగి ముడి అక్కడే తెగుతుంది.

లూర్‌ను బిగించి కట్టకండి, అది ఆడాలి. లీడర్ మీద వదులుగా ఒక మామూలు ముడి వేసి, చివరను లూర్ ముందున్న కట్టే రింగులోంచి తీసి, మళ్లీ ఆ వదులు ముడిలోంచి వెనక్కి తెచ్చి, పై లైన్ చుట్టూ నాలుగు చుట్లు చుట్టి, మళ్లీ అదే ముడిలోకి దూర్చి తడిపి బిగించండి. లూర్ దగ్గర చిన్న ఉంగరం మిగులుతుంది. ఆ ఉంగరంలో లూర్ స్వేచ్ఛగా ఊగుతుంది.

ముడులు కట్టాక రీల్ డ్రాగ్, అంటే చేప ఎంత గట్టిగా లాగితే రీల్ లైన్ వదలాలో ఆ బిగువు సరిచూడండి. లగేజీ తూచే చిన్న వేలాడే కాటా ఉంటే దానికి లీడర్ తగిలించి రాడ్ వంచి లాగండి. 20 పౌండ్ల లైన్‌కు రెండు, రెండుంపావు కిలోల దగ్గర రీల్ జారుతూ లైన్ వదలాలి. లైన్ బలంలో పావు వంతు అన్నది లెక్క. బొటనవేలి అంచనాతో బిగించి నేను పోగొట్టుకున్న చేపలు ఒకటి రెండు కాదు.

నీళ్లు చదవడం

ఇక్కడ తొందరపడకండి. కోవళం రేవులో వల బాగు చేసుకుంటున్న ఒక పెద్దాయన, నేను రెండు గంటలుగా ఒకే చోట విసురుతుంటే చూసి చూసి అన్నాడు: ‘తంబీ, మొదల్ల తన్నియ పారు.’ ముందు నీళ్లను చూడు నాయనా అని. ఆయన చేతిలో గడియారం లేదు, ఫోన్లో టైడ్ యాప్ లేదు. గట్టు మీద తడి గుర్తు ఎంత కిందికి దిగిందో చూపించి, ‘ఇంకో గంటకు పాటు సాగుతుంది, అప్పుడు వెయ్యి’ అన్నాడు. గంట కూర్చున్నాను. ఆ తర్వాత నాలుగో విసురుకు తగిలింది. కిలోన్నర చేప.

రోజుకు సుమారుగా రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటు నుంచి ఇంకో పోటుకు పన్నెండుంపావు గంటల పైచిలుకు, కాబట్టి సమయం రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమిల చుట్టూ తేడా ఎక్కువ, అష్టమి, నవమిల దగ్గర తక్కువ. మన ఇంట్లో వేలాడే క్యాలెండర్లో తిథి చూసుకుంటే సగం పని అయినట్టే. చెన్నై తీరంలో పెద్ద పోటు రోజుల్లో కూడా తేడా మీటరు చుట్టుపక్కలే ఉంటుంది. అందుకే పౌర్ణమి, అమావాస్యల తర్వాతి రెండు మూడు రోజులను నేను వదులుకోను. పోర్టుకు ఇచ్చిన పోటు సమయం ఏటి లోపలికి వర్తించదు. సన్నటి మొగ గుండా నీళ్లు లోపలికి రావడానికి ఆలస్యమవుతుంది. ఎంత ఆలస్యమో మీరు వెళ్లే చోట రెండుమూడు సార్లు రాసిపెట్టుకోండి. చిన్న నోట్‌బుక్ చాలు: తిథి, నీళ్లు కదలడం మొదలైన సమయం, చేప తగిలిన సమయం.

నీళ్లు కదలకుండా నిలిచిన వేళ టీ తాగండి. పాటు మొదలై నీళ్లు మొగ వైపు లాగుతున్న మొదటి రెండు గంటలు అన్నిటికన్నా మంచివి. మడ వేళ్లలోంచి, చిన్న కాలువల్లోంచి రొయ్యలు, చిన్న చేపలు ఆ నీళ్లతో పాటు బయటికి కొట్టుకొస్తాయి. పండుగప్ప ఆ కాలువ నోటి దగ్గర, ప్రవాహం పక్కనే నీళ్లు నెమ్మదిగా తిరిగే చోట కాచుకుంటుంది. ఆ గీత కంటికి కనిపిస్తుంది: ఒకవైపు నురగ, ఆకులు పోతుంటాయి, ఇంకోవైపు నీళ్లు నునుపుగా ఉంటాయి. మీ లూర్ ఆ గీత వెంటే రావాలి.

వేళ కూడా కలిస్తే ఇంకా మంచిది. తెల్లవారక ముందు గంట, పొద్దుగూకిన తర్వాతి గంట. రాత్రి టార్చ్ వేస్తే పండుగప్ప కళ్లు ఎర్రగా మెరుస్తాయి. కానీ లైట్ నీళ్ల మీద వేయడం అలవాటు చేసుకోకండి, చేప బెదురుతుంది.

విసరడం, ఆడించడం

ప్రవాహానికి ఎదురుగా కొంచెం వాలుగా పైకి విసరండి. నీళ్లు లూర్‌ను కిందికి తెస్తుంటే మీరు లైన్ వదులు లేకుండా మాత్రమే చుట్టాలి. రెండు చిన్న కుదుపులు, ఆపు. మళ్లీ ఒక కుదుపు, ఆపు. చేప తగిలేది ఎక్కువగా ఆ ఆపులోనే. దెబ్బ తిన్న చిన్న చేప అలాగే ఈది, ఆగి, ఈదుతుంది. కొత్తలో అందరం ఆగకుండా చుట్టేస్తాం, చేతులు ఊరుకోవు. మనసులో మూడు లెక్కపెట్టుకోండి. రబ్బరు చేప అయితే అడుగుకు తగలనిచ్చి, రాడ్ కొస పైకెత్తి, మళ్లీ దిగనివ్వండి. దిగేటప్పుడు లైన్ టక్కున కదిలిందంటే చేపే.

ఒక చోట పదిహేను విసురులు వేసి తగలకపోతే పది అడుగులు జరగండి. గూడూరు దగ్గర మా మేనమామ బతికున్న రొయ్యను గుచ్చి చేతి దారంతో పట్టేవాడు. ఆయన గంటలు గంటలు ఒకే చోట కూర్చునేవాడు, ఎందుకంటే రొయ్య వాసనకు చేప వెతుక్కుంటూ వస్తుంది. లూర్‌కు వాసన లేదు, మనమే చేప దగ్గరికి వెళ్లాలి. ఈ రెండు పద్ధతుల్లో ఏది గొప్ప అని నన్ను అడిగితే, ఆహారం కోసం పట్టేవాడికి రొయ్య, నీళ్లను నేర్చుకోవాలనుకునేవాడికి లూర్ అంటాను.

తగిలాక

రాడ్ ఒక్కసారి గట్టిగా పక్కకు లాగండి, అంతే. నాలుగైదు సార్లు లాగితే కొక్కెం పట్టిన కన్నం పెద్దదవుతుంది. మొదటి పరుగు స్తంభం వైపే ఉంటుంది. డ్రాగ్ మీద నమ్మకం ఉంచి రాడ్‌ను పక్కకు వాల్చి తల తిప్పండి. చేప నీళ్లపైకి లేస్తోందని లైన్ పైకి రావడం చూస్తే తెలుస్తుంది. అప్పుడు రాడ్ కొసను నీళ్ల దాకా దించండి. గాల్లో తల విదిలిస్తే లూర్ ఎగిరిపోతుంది. గుండె దడదడలాడుతుంది, టెన్షన్ వస్తుంది, అయినా చుట్టడం ఆపకండి, వదులు ఇవ్వకండి.

ఒడ్డుకు వచ్చిన చేపను రబ్బరు జాలి ఉన్న వలలోకి తీసుకోండి. మొప్పల్లో వేళ్లు పెట్టకండి, చేతులు కోసుకుపోతాయి. కింది దవడను బొటనవేలితో పట్టుకోవచ్చు, అయితే అదే నోట్లో ఇంకో రెండు కొక్కేలు వేలాడుతుంటాయని గుర్తుపెట్టుకుని, ముందు ప్లయర్‌తో వాటిని తీయండి. ఫోటో కావాలంటే చేతులు తడిచేసుకుని, రెండో చేతిని పొట్ట కింద పెట్టి అడ్డంగా ఎత్తండి. దవడ పట్టుకుని నిలువునా వేలాడదీస్తే బరువైన చేపకు లోపల దెబ్బ తగులుతుంది.

ఇప్పుడు ఇందాక గుర్తుంచుకోమన్న మాట. కిలో, రెండు కిలోల చేప ఒకటి ఇంటికి తీసుకెళ్లండి. మామిడికాయ వేసి నెల్లూరు పులుసు పెట్టుకోండి, ఆ ముక్క రుచికి సాటి లేదు. నాలుగు కిలోలు దాటిందాన్ని వదిలేయండి. అది గుడ్లు పెట్టే తల్లి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్‌లో 58 సెంటీమీటర్ల కన్నా చిన్నదాన్నీ, 120 సెంటీమీటర్ల కన్నా పెద్దదాన్నీ ఉంచుకోకూడదని చట్టమే ఉంది. తినడానికి పెద్ద చేప కావాలంటే పెంపకపు చేప దొరుకుతుంది. చెన్నైలోనే ఉన్న సీబా, అంటే కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ, 1997లోనే హేచరీలో పండుగప్ప పిల్లల్ని తీసింది. వదిలేటప్పుడు విసిరేయకండి. ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి, తోక మొదలు పట్టుకుని ఉంచండి. బలం వచ్చాక అదే మీ చేతిని విదిలించుకుని పోతుంది.

లోతు తక్కువ నీళ్లలో నడిచేటప్పుడు అడుగులు ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడ్చండి. ఇక్కడ తిరుక్కై అనే చేప ఉంటుంది, పళ్లెంలా ఇసుకలో పడుకుంటుంది, తోకలో విషపు ముల్లు. కాలు ఈడిస్తే అదే తప్పుకుంటుంది. గుచ్చుకుంటే కాలిని ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ఉంచి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మొగ దగ్గర మెడలోతు కాదు కదా, మోకాలు దాటి దిగకండి. పాటు లాగుడుకు ఈత వచ్చినవాళ్లు కూడా కొట్టుకుపోయారు. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ వేసుకోండి. ఒంటరిగా వెళ్లకండి.

ఇంటికి రాగానే, ఎంత అలిసినా సరే, రీల్ డ్రాగ్ బిగించి మంచినీళ్లతో పైపైన కడగండి. నీళ్లు లోపలికి గట్టిగా కొట్టకండి. రాడ్ ఉంగరాలు, లూర్ కొక్కేలు మగ్గులో ముంచి తీయండి. గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, చివరగా డ్రాగ్ పూర్తిగా వదులు చేసి పెట్టండి. లీడర్ చివరి జానెడు వేళ్ల మధ్య జరిపి చూడండి. గరుకు తగిలితే కోసేసి, పడుకునే ముందే కొత్త ముడి కట్టేయండి.